మా బావగారి గ్రీన్ పెన్ను

మా బావగారు చలపతికి ఈ ప్రపంచంలో ఇద్దరంటే పడదు. ఒకరు ఇంగ్లండు రాజుగారు. రెండోవారు వాళ్ళ ఊరి పశువుల డాక్టరు. రాజుగారికి ఈ సంగతి తెలియదు. పశువుల డాక్టరుగారు తెలుసుకోకుండానే పోయారు.

నేను ఆయనకి ఒక్కగానొక్క బావమరిదిని. పేరు సుబ్బు. ఆయన మా లీలక్క మొగుడు. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో రెండిళ్ళ అవతల కాపురం ఉండడం వల్ల ఆయన కోపాలన్నీ ముందు నాకు వడ్డించాకే మిగతా దేశానికి వెళతాయి. కొండ మీది ఊరు మాది. బస్సులున్నాయని ఒక వదంతి ఉంది గానీ ఎక్కినవాణ్ణి నేను చూడలేదు. కారు లేకపోతే పాల ప్యాకెట్టు కూడా ఇంటికి రాదు. బావగారికి కారు నడపడం వచ్చు. నడుపుతూ మాట్లాడడం రాదు. మాట్లాడకుండా ఉండడం అసలే రాదు. అంచేత నేను నడుపుతాను.

అక్కకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే 2004లో ఇద్దరూ వచ్చారు. అత్తిలి దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా ఉన్న మనిషి, ఇక్కడ ధాన్యం పరీక్షించే ల్యాబులో కుదురుకున్నాడు. లారీలో గోధుమలో జొన్నలో వస్తే గుప్పెడు తీసి తేమ ఎంత, ప్రొటీన్ ఎంత అని చెప్పే పని. పంతొమ్మిదేళ్ళు చెప్పి నిరుడు రిటైరయ్యాడు.

రాజుగారి సంగతి ముందు చెబుతాను. ఇంగ్లండు గద్దె మీద ఎవరుంటే వారే ఈ దేశానికీ పెద్ద. ఈ దేశానికి రాజు వద్దు, మనలోంచే ఒకరిని పెద్దగా పెట్టుకుందాం అని 1999లో ఓటింగు పెట్టారు. జనం ఒప్పుకోలేదు. "ఐదేళ్ళు ఆగలేకపోయారురా" అంటాడు బావగారు ఇప్పటికీ, తనొక్కడు వచ్చి ఓటేసి ఉంటే గట్టెక్కేదన్నట్టు. ఆయన వాదన ఒక్కటే. ఈ ఊరి ఆసుపత్రిలో పుట్టిన పిల్ల డాక్టరు కావచ్చు, జడ్జి కావచ్చు, ప్రధానమంత్రి కావచ్చు. దేశానికి పెద్ద మాత్రం కాలేదు. అందుకు సముద్రాల అవతల ఒకానొక ఇంట్లో పుట్టి ఉండాలి. ఇదేం పద్ధతి అని ఆయన ప్రశ్న. నన్నడుగుతాడు, పక్కింటి వాళ్ళనడుగుతాడు, పళ్ళ డాక్టరు తన నోట్లోంచి మిషను తీయగానే ఆయన్నీ అడుగుతాడు.

రాజుగారి పుట్టినరోజుకి మాకు సెలవు. ఆయన పుట్టింది నవంబరులో. సిడ్నీ వాళ్ళకి జూన్‌లో ఇస్తారు, మా క్వీన్స్‌లాండ్‌లో అక్టోబరులో ఇస్తారు. బళ్ళో హెడ్మాస్టరు తోచినట్టు వేసిన పుట్టినతేదీతోనే ఉద్యోగాలు చేసి రిటైరైన మా వాళ్ళకి ఇందులో వింతేమీ కనపడదు. బావగారు మాత్రం ఏటా ఆ సెలవుకి ముందు లోకల్ పేపరుకి ఒక ఉత్తరం రాస్తాడు. రెండేళ్ళకోసారి వేస్తారు. వేసిన వారానికి బెవర్లీ అనే ఆవిడ దగ్గర్నుంచి ఒక జవాబు పడుతుంది. "రాజుగారిలో గొప్ప గుణం ఏమిటంటే ఆయన ఇక్కడికి రారు. ప్రెసిడెంటుని పెట్టుకుంటే ప్రతి పూల ప్రదర్శనకీ వచ్చి ఉపన్యాసం ఇస్తాడు" అని ఒకసారి రాసింది. నాకు ఆ మాట నచ్చింది. బావగారితో అనలేదు. నాకు కావలసింది సెలవు.

ఈ దేశ పౌరసత్వం తీసుకున్న రోజున చెప్పే ప్రమాణంలో రాజు పేరు, రాణి పేరు ఉండదు. అది ముందే చదువుకుని ధైర్యంగా వెళ్ళాడు. తీరా హాల్లో గోడ మీద కిరీటం పెట్టుకున్న రాణిగారి పాత పటం, దాని పక్కన నిలబడి ఫొటో దిగాలి. బావగారు పటం పక్కన కాకుండా సరిగ్గా ముందు నిలబడ్డాడు, రాణిగారు కనబడకుండా. ఫొటోలో నిజంగానే ఆవిడ కనబడదు. కిరీటం మాత్రం కనబడుతుంది, బావగారి తల మీద. అక్క దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది.

ఇక పశువుల డాక్టరు సంగతి. 1980 వేసవి. బావగారికి పద్దెనిమిదేళ్ళు. అగ్రికల్చర్ బి.యస్సీ. సీటుకి దరఖాస్తు పెట్టాలి. మార్కుల లిస్టు నకలు మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉండాలి. వాళ్ళ ఊళ్ళో ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టగల మనిషి ఒక్కడే, పశువుల డాక్టరు. మొదటి రోజు డాక్టరుగారు భోజనానికి వెళ్ళి సాయంత్రం దాకా రాలేదు. రెండో రోజు ఒక గేదెకి ఈనడం కష్టమైంది. "గేదె సంగతి న్యాయమేరా" అంటాడు బావగారు, ఆ మాత్రం ధర్మం తప్పని మనిషి. మూడో రోజు డాక్టరుగారు వసారాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నారు. గ్రీన్ పెన్ను జేబులోనే ఉంది. కుర్రాడి వైపు చూడకుండా "రేపు రా" అన్నారు. రేపు ఆదివారం. దరఖాస్తు ఒక రోజు ఆలస్యంగా చేరింది, తిరిగొచ్చింది. బావగారు కెమిస్ట్రీ చదువుకున్నాడు. వ్యవసాయం చదవాల్సిన మనిషి జీవితమంతా వేరేవాళ్ళు పండించినదాన్ని గుప్పిట్లో పట్టుకుని కొలుస్తూ గడిపాడు.

"ఆ మూడు రోజుల్లో నేను 'పర్లేదు సార్' అని పదకొండుసార్లన్నానురా సుబ్బూ. ఏం పర్లేదు? నా బతుకు పోతుంటే పర్లేదేంటి?" అంటాడు. ఈ పదకొండు లెక్క నేను కనీసం పాతికసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ నాకు ఆయన మీదున్న కోపం పోతుంది.

రిటైరైన నెలకే ఆయన జె.పి. అవుతానన్నాడు. జస్టిస్ ఆఫ్ ది పీస్ అంటారు. పేరు చూసి జడ్జీ అనుకోవద్దు. మన దగ్గర గెజిటెడ్ ఆఫీసర్లు చేసే పని ఇక్కడ మామూలు మనుషులు చేస్తారు, జీతం లేకుండా. ఒరిజినల్ చూసి, నకలు మీద ఇది నిజమైన నకలే అని రాసి, సంతకం చేసి ముద్ర వేయడం. షాపింగ్ సెంటర్లో మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఒక బల్ల వేసుకుని కూర్చుంటారు. ఎవరైనా వెళ్ళొచ్చు. "ఒక్కణ్ణి కూడా 'రేపు రా' అననురా. అదే నా వ్రతం" అన్నాడు బావగారు. పుస్తకం తెచ్చుకుని చదివాడు, శిక్షణకి వెళ్ళాడు, పరీక్షలో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయో కనుక్కుందామని ఫోన్ చేశాడు కూడా.

అప్పుడొచ్చింది ప్రమాణపత్రం. ఇందులో రాజుగారు ఉన్నారు. రాజుగారికీ, వారి వారసులకీ, ఆపైన వచ్చేవారికీ విధేయుడినై ఉంటాను అని చెప్పాలి. బావగారు కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఇంకా పుట్టనివాళ్ళకి కూడా నేను మాటివ్వాలిట."

"దేవుడి మీద ఒట్టేయడం ఇష్టం లేకపోతే మామూలుగా చెప్పొచ్చని ఉంది కదండీ ఇక్కడ," అన్నాను చదివి.

"చెప్పొచ్చు. దేవుణ్ణి వదిలేయొచ్చు. రాజుని మాత్రం వదలడానికి వీల్లేదు."

ఆ కాగితం ఆరు వారాలు వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద వేలాడింది. ప్రమాణం చేస్తే ఇరవై ఏళ్ళ ఉత్తరాలు అబద్ధమవుతాయి. చేయకపోతే నలభై నాలుగేళ్ళ వ్రతం మట్టిలో కలుస్తుంది. అటూ ఇటూ కాక మనిషి తిండి తగ్గించాడు. చివరికి అక్క విసిగిపోయింది.

"ఏవండీ, ఆ రాజుగారు మీ మాట కోసం అన్నం మానేసి కూర్చున్నాడా?"

"మాటంటే మాటేనే లీలా."

"మన పెళ్ళిలో పంతులుగారు చెప్పమన్నవన్నీ చెప్పారు. ఒక్క ముక్క అర్థమైందా?"

"అర్థం కాలేదు. కానీ నిలబెట్టుకున్నాను."

"ఇదీ అలాగే నిలబెట్టుకోండి. నాకు డ్యూటీకి టైమవుతోంది."

అయినా ఆయన కదల్లేదు. కదిలించింది ఒక శనివారం. కూరలు కొనడానికి వెళ్ళి ఆ బల్ల ముందు ఆగాం. డెబ్భై ఎనిమిదేళ్ళ ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. ముందు ఇరవైమంది వరస, సగం మనవాళ్ళే, చేతుల్లో ఫైళ్ళు. బల్ల ఎత్తేసే వేళయింది. వరసలో చివర టాక్సీ నడిపే కుర్రవాడు ఒకడు ఫైలు చంకలో పెట్టుకుని, ఏమీ అనకుండా తిరిగి వెళ్ళిపోయాడు. బావగారు అతను ఎస్కలేటర్ దిగి కనబడకుండా పోయేదాకా చూశాడు. ఆ ముసలావిడ ముందున్న పేరు చదివాను. బెవర్లీ. రాణిగారి బొమ్మున్న కప్పులో టీ తాగుతోంది.

"నువ్వు పేపరుకి రాసే మనిషివి కదూ, పరీక్ష పాసై ప్రమాణం దగ్గర ఆగిపోయావని విన్నాను," అంది ఆవిడ. "నా ఎడమ కంట్లో పొర వచ్చింది. నాకు సాయం కావాలి. దేశాన్ని తరవాత మారుద్దువు గాని, ముందు ఇక్కడ కూర్చో."

సోమవారం పొద్దున్నే కోర్టుకి తీసుకెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి ముందు నిలబడి బావగారు ప్రమాణం చదివాడు. రాజుగారి పేరు వచ్చేసరికి గొంతు బాగా తగ్గించాడు. ఆ అమ్మాయి వినపడలేదని మళ్ళీ చదివించింది. ఆ రకంగా ఆస్ట్రేలియాలో రాజుగారికి ఒకే పొద్దున రెండుసార్లు విధేయత ప్రకటించింది బహుశా మా బావగారొక్కడే. కారెక్కాక చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు కారు ఆయనే నడిపినా ఫరవాలేకపోయేది.

చలపతి అనడం బెవర్లీకి, అందరూ పిలిచే బెవ్‌కి, నోరు తిరగలేదు. రెండు ప్రయత్నాలు చేసి "చార్లీ" అని ఖాయం చేసింది. అది రాజుగారి పేరే కదా అని బావగారు అభ్యంతరం చెప్పాడు. "మంచి పేరు. రాజుగారేం అనుకోరు," అంది ఆవిడ.

ఇంతవరకూ బాగానే ఉంది. తరవాతదే నాకు కోపం తెప్పించింది.

సిడ్నీలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళినప్పుడు మనవాళ్ళ కొట్లుండే హారిస్ పార్క్‌లో ఒక పచారీ కొట్టులో, అగరొత్తుల పక్కన, గ్రీన్ పెన్నులు కనపడ్డాయి. పది ఉన్న ప్యాకెట్టు కొన్నాడు బావగారు. పది గంటల ప్రయాణంలో ఆ ప్యాకెట్టు ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

"బావగారూ, నీలం గానీ నలుపు గానీ వాడమని మీ పుస్తకంలో ఉంది కదా. మీరే చదివి వినిపించారు," అన్నాను.

"అది మామూలు వాళ్ళకిరా."

నేను కారు పక్కకి ఆపాల్సింది. ఆ ఒక్క మాటకి ఆపి అడగాల్సింది. పెట్రోలు బంకు మూసేస్తారని ఊరుకున్నాను.

ఆయన సంతకం చూడాలి మీరు. మొదటి అక్షరం గాలిపటంలా పైకి లేస్తుంది, చివరిది తోకలా పేజీ అంచుదాకా పాకుతుంది. పచ్చగా. మనవాళ్ళకి ఆ రంగు చూస్తేనే ప్రాణం లేచొచ్చేది. "ఇదీ సంతకమంటే" అని ఒకాయన కళ్ళకద్దుకున్నాడు. గ్రీన్ పెన్ను అంకుల్ అని పేరు పడింది. డాల్బీ నుంచి, వారిక్ నుంచి గంటసేపు కార్లు నడుపుకుంటూ వచ్చేవాళ్ళు. బెవ్‌కి పొర వచ్చిన కన్ను ఇటువైపే ఉండేది, దానితో రంగులన్నీ బూడిదగానే కనబడేవి కాబట్టి ఆవిడకి తెలియలేదు. బల్లకి అటు చివర ఆవిడ, ఇటు చివర ఈయన.

నెల తిరిగేసరికి బావగారు కోటు వేసుకోవడం మొదలుపెట్టాడు. కుర్చీలోకి ఇంటి నుంచి దిండు తెచ్చుకున్నాడు. వచ్చినవాళ్ళ వైపు చూడకుండా చేత్తో కుర్చీ చూపించడం నేర్చుకున్నాడు. మనవాళ్ళు సర్టిఫికెట్లు ఎక్కడ పాడైపోతాయో అని ల్యామినేషన్ చేయిస్తారు కదా, "ఇదేం పని, ప్లాస్టిక్ మీద నేనేం చూసేది" అని ఒక పెద్దాయన్ని నిలబెట్టి కేకలేశాడు. స్టేపుల్ పిన్ను వంకరగా కొట్టిందని ఒకావిడని తిప్పి పంపాడు. ఈ రెండు నియమాలూ ఏ పుస్తకంలోనూ లేవు. ఒక శనివారం ఒంటిగంటకి పెన్ను టోపీ పెట్టేసి లేచాడు. వరసలో నలుగురున్నారు.

"బావగారూ, నలుగురున్నారు."

"ఉంటారు," అని కార్లో కూర్చుని పెరుగన్నం తిన్నాడు, అరగంట.

నేను అద్దంలోంచి ఆయన్ని చూస్తూ పళ్ళు నూరుకున్నాను. మీ పశువుల డాక్టరు నయం, కనీసం గేదె అడ్డం వచ్చింది అని నోటి చివరిదాకా వచ్చింది. అక్క మొగుడు కాబట్టి మింగేశాను. ఇప్పుడనిపిస్తుంది, మింగకుండా ఉండాల్సింది.

ఆ అరగంట వరసలో నిలబడ్డ నలుగురిలో సృజన ఒకతె. నల్గొండ అమ్మాయి, ఇరవై ఏడేళ్ళు. అక్కడ నర్సింగ్ చదివి, ఇక్కడికొచ్చి మళ్ళీ చదివి, మూడేళ్ళుగా ముసలివాళ్ళ హోములో పనిచేస్తోంది. డాల్బీలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. నర్సుగా రిజిస్ట్రేషన్ వస్తే చాలు, చేరిపోవచ్చు. దానికి పద్నాలుగు నకళ్ళు కావాలి. ఆ ముందువారం కూడా వచ్చింది. కాగితాలు ఒక వరసలో లేవని బావగారు తిప్పి పంపాడు. ఈసారి పెరుగన్నం తినొచ్చి పద్నాలుగింటి మీదా సంతకాలు పెట్టాడు, పచ్చగా, తోకలతో సహా. ఆ అమ్మాయి థాంక్స్ అంకుల్ అని దణ్ణం పెట్టి వెళ్ళింది.

మూడు వారాలకి, మళ్ళీ శనివారం. సృజన వచ్చింది. వరసలో ముందున్నవాళ్ళ వెనకాలే నిలబడింది. వంతు వచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది, బావగారు పెన్ను టోపీ పెట్టబోతున్నాడు. ఆ అమ్మాయి ఫైలు బల్ల మీద పెట్టింది.

"అంకుల్, ఇవి మళ్ళ చెయ్యాల్నంట. వాళ్ళ స్కానింగ్‌ల గ్రీన్ కలర్ వస్తలేదంట. సైన్ కనిపిస్తలేదు, సర్టిఫై చేసినట్టు లెక్క కాదని మెయిల్ పెట్టిన్రు. బ్లాక్ పెన్‌తోని చెయ్యాల్నంట."

బావగారు ఫైలు తెరిచాడు. వాళ్ళు పంపిన ప్రింటులో ఆయన సంతకం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ముద్ర ఒక్కటే ఉంది, నల్లగా. సంతకం లేని ముద్ర.

"ఆఖరి తేదీ ఎప్పుడమ్మా?"

"నిన్ననే అంకుల్. నాకు మెయిల్ నిన్న వచ్చింది, నేను డ్యూటీల ఉన్న. మళ్ళ కొత్తగ అప్లై చేస్తే నాలుగు నెల్లంట. డాల్బీ వాళ్ళు అప్పటిదాంక ఆగరు. ఇంకోళ్ళను తీసుకుంటరేమో. సరే, ఎట్లయితే గట్ల. చేసి పెట్టుకుంట."

ఆ పిల్ల గొంతులో కోపం లేదు. అది నాకు మరీ బాధ కలిగించింది. నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేది. బావగారు పెన్ను చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. దాన్ని చూసి సృజన ఇంకోలా అర్థం చేసుకుంది. గోడ గడియారం వైపు చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"మీ లంచ్ టైం అయింది కద. తినిరాండి. నేను నిలవడ్త. పర్లేదంకుల్."

నేను బావగారి పక్కనే ఉన్నాను. ఆయన మొహంలోకి చూడలేక చెప్పుల షాపు వైపు చూశాను.  తరవాత కుర్చీ జరిగిన చప్పుడైంది.

"కూర్చోమ్మా," అన్నాడు. తన కుర్చీ. దిండుతో సహా. ఆ అమ్మాయి వద్దంకుల్ అంటున్నా కూర్చోబెట్టాడు. బెవ్ దగ్గర నల్ల పెన్ను అడిగి తీసుకుని, నిలబడే, వంగి, పద్నాలుగు కొత్త నకళ్ళ మీద సంతకాలు పెట్టాడు. గాలిపటం లేదు, తోక లేదు. బళ్ళో పిల్లవాడు రాసినట్టు పేరు రాశాడు.

ఆ తరవాత బల్ల మీద ఫారాల కట్టలోంచి ఒక డిక్లరేషన్ కాగితం తీశాడు. మనం చెప్పింది నిజమని చట్టం ముందు ఒప్పుకునే కాగితం అది, అబద్ధమైతే జైలు. వరసలో మిగిలినవాళ్ళకి క్షమించమని చెప్పి, బల్ల మూల మీద రాయడం మొదలుపెట్టాడు. నేను భుజం మీంచి చదివాను. ఇంగ్లీషులో, పొట్టి పొట్టి వాక్యాలు. ఈమె కాగితాలు మొదటివారం అకారణంగా తిప్పి పంపినది నేను. నియమం తెలిసి కూడా గ్రీన్ సిరా వాడినది నేను. ఆలస్యం నా వల్ల జరిగింది, ఈమె వల్ల కాదు. గడువు పొడిగించమని కోరుతున్నాను.

"బావగారూ, ఇది రాస్తే మీ జె.పి. పోవచ్చు," అన్నాను.

"పోనీరా."

డిక్లరేషన్ మీద ఇంకో జె.పి. సాక్షి సంతకం ఉండాలి. తనది తాను పెట్టుకోకూడదు. బెవ్ రెండడుగుల దూరంలో, అదే బల్లకి అటు చివర ఉంది. కాగితం అటు జరిపితే చాలు. బావగారు కాగితం పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి, చెప్పుల షాపు దాకా నడిచి, బెవ్ ముందున్న వరసలో చివర నిలబడ్డాడు. ఆయన ముందు తొమ్మిదిమంది. కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు. ఒకావిడ గుర్తుపట్టి "అంకుల్, మీరు ముందుకెళ్ళండి" అంది. ఆయన వద్దని తల ఊపాడు. నలభై నిమిషాలు పట్టింది.

ఆ కాగితం పనిచేసిందని ముందే చెప్పేస్తాను. పన్నెండు రోజులకి గడువు పొడిగించినట్టు సృజనకి మెయిల్ వచ్చింది, డాల్బీ వాళ్ళు ఆగారు. బావగారికి పైవాళ్ళ దగ్గర్నుంచి గట్టిగా ఒక హెచ్చరిక ఉత్తరం వచ్చింది. దాన్ని ఫ్రిజ్ మీద అదే అయస్కాంతం కింద పెట్టుకున్నాడు. అక్టోబరులో పేపరుకి ఉత్తరం కూడా రాశాడు, రాజు వద్దనే. కానీ ఆ మధ్యాహ్నం వరసలో నిలబడినప్పుడు ఇవేవీ మాకు తెలియవు.

ఆయన వంతు వచ్చింది. బెవ్ కాగితాన్ని మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని, మొదట్నుంచి చివరిదాకా, పెదాలు కదుపుతూ చదివింది. ఎవరిదైనా అలాగే చదువుతుంది ఆవిడ.

"ఇందులో రాసిందంతా నిజమేనా?" అని అడిగింది. అది అడగాలని నియమం.

"నిజమే."

"గ్రీన్ వాడమని నీకెవరు చెప్పారు, చార్లీ?"

బావగారు జేబులోంచి గ్రీన్ పెన్ను తీసి ఆవిడ కప్పు పక్కన పెట్టాడు.

"మా ఊళ్ళో ఒక పశువుల డాక్టరుగారు ఉండేవారు. నలభై నాలుగేళ్ళయింది," అన్నాడు. "ఆయన్ని ఇంకా గద్దె దించలేకపోయాను."

బెవ్ సంతకం పెట్టి ముద్ర వేసింది. వెనకున్న మనిషికి దారిస్తూ బావగారు పక్కకి జరిగాడు.